కడముడి వెయ్యని పందిరి

బల్లి పలికితే నిజమంటారు మీరు. ఏదో మాట మధ్యలో మేం టిక్కుమంటే చాలు, సత్యమని వేలితో నేల తడతారు. అదే బల్లి ఓ కథ మొత్తం చెబుతానంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. ఇవాళ వినాల్సిందే. మూడు వేసవులు గడిచాయి, నాకింకా ఒళ్ళు మంట తగ్గలేదు.

నేనుండేది కొండవాలున జీడితోటలో, పాత పిక్కల షెడ్డు గోడ మీద. ఒకప్పుడు మనుషులు అక్కడ జీడిపిక్కలు ఎండబోసి మూటలు కట్టేవాళ్ళు. వాళ్ళు వదిలేసి పోయాక తోటలో జంతువులన్నిటికీ అదే సభ, అదే పెళ్ళిమండపం, వానొస్తే తలదాచుకునే చోటూ అదే. దాని మీద పెత్తనాన్ని ఎవరూ ఇవ్వకుండానే పుచ్చుకున్నవాడు జంబుకేశ్వరరావు. నక్క. మెడలో ఓ కళ్ళజోడు వేలాడేసుకుని తిరుగుతాడు. అది కళ్ళకి పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఈయనగారు ఓ పుస్తక సంఘం పెట్టాడు. నెలకోసారి అందరూ చేరి, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకోవాలని ఉద్దేశం. చేరేవారు, మాట్లాడుకునేవారు, చదవడం ఒక్కటే జరిగేది కాదు. నేను కప్పుకి అంటుకుని అన్నీ విన్నాను. ముందుమాట తిరగేసినవాడు ఆ రోజుకి పండితుడు, అట్ట చూసినవాడు విమర్శకుడు. జంబుకేశ్వరరావు రెండూ చూడకుండానే అధ్యక్షుడు.

ఆ ఏడు మా తోటలోంచే ఓ పుస్తకం వచ్చింది. పేరు 'అప్పాయమ్మ అల్లిక'. రాసింది గుడ్లగూబ ఘూకయ్య మాస్టారు. అప్పాయమ్మ అంటే గిజిగాళ్ళ ముసలమ్మ, వాగుగట్టు తుమ్మచెట్టు మీద ఉంటుంది. మూడు నెలలపాటు రోజూ పొద్దువాలే వేళకి ఆమెని ఈ షెడ్డులోనే కూర్చోబెట్టి, ఆమె చెబుతుంటే మాస్టారు రాసుకున్నాడు. ఆమె అన్న ప్రతి మాటా నేను విన్నాను. మీకిప్పుడు చెబుతున్నాను కాబట్టి మీరా పుస్తకం చదవక్కర్లేదు, చదివామని అబద్ధం ఆడక్కర్లేదు కూడా.

అప్పాయమ్మ మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. గూట్లో నాలుగు పిల్లలు. గిజిగాళ్ళలో అల్లేది మగపిట్టలే, ఆడపిట్ట పని గూడు బాగుందో లేదో చెప్పడం వరకే. ఆకలేసిన పిల్లలకి ఈ సంగతులన్నీ తెలియవు కదా. ఆమె ఈతాకు చీలిక ముక్కున పట్టుకుంది. పెద్దలు నానా మాటలూ అన్నారు. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా పందిరి అప్పాయమ్మే అల్లాలి అనే దాకా వచ్చింది.

అల్లికవాళ్ళకి ఓ పద్ధతి ఉంది. పందిరి అల్లినవాళ్ళకి పంక్తిలో మొదటి ఆకు వెయ్యాలి. వాళ్ళు తిని, ముక్కు కడుక్కుని లేచి, అప్పుడు చివరి ముడి వేస్తారు. దాన్ని కడముడి అంటారు. అది పడేదాకా ఆ పందిరి కింద ఎవరూ కూర్చోరు. కడముడి లేని పందిరి చూడ్డానికి బాగానే ఉంటుంది, నిలబడే ఉంటుంది. ఒక్క చీలిక జారిందంటే మాత్రం వరసగా అన్నీ జారిపోతాయి.

అప్పాయమ్మ జీవితంలో ఒక్కసారి ఆ పద్ధతి తప్పింది. ఓ పెద్దింటి పెళ్ళికి ఆమె పందిరి అల్లితే, పంక్తిలో చోటు లేదు, వెనక్కెళ్ళి కూర్చో, మిగిలితే పంపిస్తాం, ముందు ముడి వెయ్యి అన్నారు. ఒంటరిది, పిల్లలతల్లి, ఎదురు చెప్పలేక వేసేసింది. ఏమీ మిగల్లేదు. పిల్లలకి పట్టుకెళ్దామనుకున్న బూరె ముక్క కూడా దొరకలేదు. గూటికెళ్ళి నలుగుర్నీ రెక్కల కింద పెట్టుకుని, నా కడుపున పుట్టినవాడెవడూ ఆకలితో కడముడి వెయ్యడని ఒట్టు పెట్టుకుంది. ఇదంతా పుస్తకంలో ఏడో అధ్యాయం, పేరు 'ఆకలి'. మాస్టారు బాగానే రాశాడు. ఆ పెద్దిల్లు ఎవరిదో మాత్రం రాయలేదు. ఆమె పేరు చెప్పింది. ఆయన కలం కాసేపు ఆగింది, తర్వాత 'ఒకానొక పెద్దింట్లో' అని రాసి ముందుకెళ్ళింది. ఆ పేరు నేనూ సమయం వచ్చినప్పుడే చెబుతాను.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి జంబుకేశ్వరరావుకి ఓ ఆలోచన వచ్చింది. ఈ పుస్తకానికి ఓ విందు చెయ్యాలి. మామూలు విందు కాదు, పుస్తక విందు. అధ్యాయానికో అలంకారం, అధ్యాయానికో వంటకం. అన్నీ చేత్తో చేసినవే ఉండాలి, కొన్న వస్తువు ఒక్కటీ కనపడకూడదు. పెద్ద చెరువు నుంచి కొంగ ధవళరావుగారిని ముఖ్య అతిథిగా పిలవాలి. ఆయన ఏ సంఘాన్ని మెచ్చుకుంటే ఆ సంఘం పేరు పది తోటలకి పాకుతుంది. అదీ అసలు సంగతి.

చేత్తో చెయ్యాలంటే చేతిలో పనితనం ఉండాలి కదా. జంబుకేశ్వరరావు ఓ పొద్దుటపూట ఈతాకు చీల్చబోయి నాలుక కోసుకున్నాడు, అంతటితో ఆయన కళాసేవ ముగిసింది. తిన్నగా తుమ్మచెట్టు దగ్గరికెళ్ళి అప్పాయమ్మ చిన్నకొడుకు పైడయ్యని పిలుచుకొచ్చాడు. పసుపురంగు రొమ్ము, మాట తక్కువ, అల్లికలో తల్లిని మించినవాడు. ఏమేం కావాలో నక్క వల్లించాడు. పైడయ్య అంతా విని, నాకు ఒక్కటే కావాలన్నాడు.

"కూలేటీ ఒద్దు బాబుగారూ. మాయమ్మని పంక్తిలో మొదటాకు కాడ కూకోబెట్టండి. అది సాలు."

"ఎంత మాటన్నావురా పైడయ్యా. ఈ పుస్తకానికి నాయిక ఆవిడ. ఆవిడ కాక ఇంకెవరు కూర్చుంటారక్కడ?" అన్నాడు జంబుకేశ్వరరావు, గుండె మీద కాలు పెట్టుకుని.

నేను గోడ మీదే ఉన్నాను. టిక్కుమనలేదు.

పైడయ్య పంతొమ్మిది రోజులు పని చేశాడు. తెల్లారకముందే వచ్చేవాడు, పొద్దుగూకాక వెళ్ళేవాడు. తాటాకులూ ఈతాకులూ అడవంచు నుంచి మోసుకొచ్చింది ఎద్దు సన్యాసి. నాకు అలంకారాల మీద పెద్ద మోజు లేదు, దీపాలకి వచ్చే పురుగుల మీదే నా ధ్యాస. అయినా ఆ పని చూస్తూ రెండు పూటలు తిండి మరిచిపోయాను. గుమ్మానికి రెక్కలు విప్పిన డేగ. దాని కింద ఊగే నాలుగు గుడ్లు. వరద అధ్యాయానికి వరసగా తాటాకు పడవలు. పెళ్ళి అధ్యాయానికి బోయీలతో సహా పల్లకీ. నక్కతో కలిపి పంక్తిలో ఇరవై నలుగురికి ఇరవై నాలుగు గుర్తు ఆకులు, పుస్తకంలో పేజీ మధ్య పెట్టుకునేవి, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి బొమ్మ. అన్నిటికీ మించి పంక్తి మీద పందిరి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరిచిన పుస్తకం ఒకటి. తెల్ల చీలికలు కాగితం, పొగ పట్టించిన నల్ల చీలికలు అక్షరాలు. కింద కూర్చుని తలెత్తితే చదువుకోవచ్చు. ఎవరూ తలెత్తలేదనుకోండి, అది వేరే సంగతి.

చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ జంబుకేశ్వరరావు ఒకే మాట చెప్పాడు. అంతా నా చేత్తోనే అల్లుకున్నానండీ, పుస్తకం మీద ప్రేమ అటువంటిది అని. పైడయ్య పైన పందిట్లోనే ఉన్నాడు, ముక్కులో చీలికతో. విన్నాడు. పని ఆపలేదు. మాయమ్మ కూర్చుంటే చాలు అనుకున్నాడేమో.

విందు రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది, కడముడి తప్ప. నడిగుంజ దగ్గర వేలెడు చీలిక వేలాడుతోంది, అంతే. అప్పుడు జంబుకేశ్వరరావుకి ఇంకో ఆలోచన వచ్చింది. పంట అధ్యాయం ఉంది కదా, పందిరి మీద ముగ్గిన జీడిపళ్ళు పేర్చితే ఎర్రగా పచ్చగా భలే ఉంటుందన్నాడు. ముడి పడకుండా బరువెయ్యకూడదని పైడయ్య చెప్పాడు. నక్క చెవిన పెట్టలేదు. కోతుల చేత నాలుగు గంపల పళ్ళు పైకెక్కించాడు. జీడిపండు సంగతి మీకు తెలిసిందే. దాని రసం ఒంటి మీద పడితే మరక పోదు.

పొద్దు వాలింది. అతిథులు రావడం మొదలైంది. నెమలి ఈకలు దులుపుకుంటూ వచ్చింది. ఘూకయ్య మాస్టారు కొత్త కండువాతో వచ్చి మొదటాకుకి పక్కాకు దగ్గర కూర్చున్నాడు. ధవళరావుగారు అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చారు, ఒంటి మీద చుక్క మచ్చ లేకుండా. జంబుకేశ్వరరావు ఎదురెళ్ళి, అంతా నా చేత్తోనే అల్లానండీ అని చెప్పుకుంటూ తీసుకొచ్చి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఎక్కడ కూర్చోబెట్టాడో మీకు చెప్పాలా? మొదటి ఆకు దగ్గర.

అప్పాయమ్మ వచ్చింది తర్వాత. వాగులో ముక్కూ రెక్కా కడుక్కుని, రెండు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుని వచ్చింది. ఓ కన్ను మసకబారింది. రెండో కంటితో గుమ్మానికున్న డేగని చూసింది, నాలుగు గుడ్లని చూసింది. చాలాసేపు చూసింది. లోపల అందరూ ఆవిడ గురించే మాట్లాడుకుంటున్నారు. ఎంత కష్టపడిందండీ ఆ తల్లి అని నెమలి కళ్ళొత్తుకుంటోంది. కళ్ళొత్తుకుంటూనే గుమ్మం వైపు చూసి, ఆ ముసలిదెవరు, అడ్డంగా నిలబడిందే అని పక్కవాళ్ళని అడిగింది.

జంబుకేశ్వరరావు గుమ్మంలోకి వచ్చాడు. మెల్లగా, ఎవరికీ వినపడకుండా, సర్దుకోవాలన్నాడు. పెద్దవాళ్ళు అనుకోకుండా వచ్చారు, పంక్తి నిండిపోయింది. వెనక వేపచెట్టు కింద, గిన్నెల దగ్గర చల్లగా ఉంటుంది. అక్కడ కూర్చుంటే, ఇక్కడ అయ్యాక పంపిస్తాను.

సరిగ్గా అవే మాటలు. కావాలంటే ఏడో అధ్యాయం చూసుకోండి.

పైడయ్య పందిరి మీంచి దూకినట్టుగా దిగాడు. మాటలేమీ పెంచలేదు.

"మొదటాకు మాయమ్మదన్నారు బాబూ. ఆవిడ తినకండా నాను కడముడి ఎయ్యను."

"ముడేమిట్రా ఇప్పుడు? చక్కగా నిలబడే ఉంది కదా పందిరి."

"నిలబడదు. పుస్తకంలో ఉంది. ఏడో అధ్యాయం."

"నాకు చెబుతున్నావా పుస్తకం సంగతి? మూడుసార్లు చదివాను," అన్నాడు జంబుకేశ్వరరావు. బెదిరించి భోజనం సంపాదించే వేషాలు తన దగ్గర వద్దని కూడా అన్నాడు.

నా తోక తెగి పడుతుందేమో అన్నంత కోపం వచ్చింది నాకు. పైడయ్య సంగతి చెప్పక్కర్లేదు. పంతొమ్మిది రోజుల పనినీ ఒక్క లాగుతో పీకి పారేస్తానని పందిరి వైపు ఎగరబోయాడు. ఒక్క చీలిక చాలు, లాగితే అయిపోయేది. అప్పాయమ్మ ఆపింది.

"నువ్వేటీ పీకొద్దు. పీకితే నువ్వు పాడుసేసినావంటారు. ముడెయ్యకు, అంతే. నాతో రా."

వేపచెట్టు వైపు తిరిగేముందు ఆమె లోపలికి ఒక్కసారి చూసింది, ఘూకయ్య మాస్టారి వైపు. ఆయనా చూశాడు. గుడ్లగూబకి పగలు కళ్ళు కనపడవంటారు, కానీ అప్పటికి పొద్దు వాలింది, బాగానే కనపడతాయి. ఈ పుస్తకం ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆ షెడ్డులో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక్కమాట అంటే చాలు. లేచి, నా ఆకు మీరు తీసుకోండమ్మా అంటే చాలు. ఆయన మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. ధవళరావుగారి పక్కన కూర్చునే అవకాశం మళ్ళీ రాదనుకున్నాడో ఏమో. జంబుకేశ్వరరావుని నేను ఏనాడో వదిలేశాను, వాడి బతుకంతే. మాస్టారి మీద కోపం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

లేచినవాడు ఒక్కడే. పంక్తి చివర ఎద్దు సన్యాసికి చోటిచ్చారు, ఆకులు మోసినందుకు. అతనికి చదువు రాదు, పుస్తక సంఘం అంటే ఏమిటో తెలియదు. తన ముందున్న ఆకు నోట కరుచుకుని, నెమ్మదిగా వెనక వేపచెట్టు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు.

ఇక విందు. జంబుకేశ్వరరావు లేచి గొంతు సవరించుకున్నాడు. ముందుగా ఏడో అధ్యాయానికి గౌరవంగా ఓ కార్యక్రమం ఉందన్నాడు. ఆకలి ఎలా ఉంటుందో మనమూ తెలుసుకోవాలి, అందుకని ఖాళీ ఆకుల ముందు రెండు నిమిషాలు మౌనంగా కూర్చుందాం, తర్వాత వడ్డన అన్నాడు. ఎంత మంచి ఆలోచనండీ అని నెమలి మళ్ళీ కళ్ళొత్తుకుంది. ఇరవై ముగ్గురు కళ్ళు మూసుకుని, ఖాళీ ఆకుల ముందు, ఆకలి గురించి ఆలోచించారు. గోడకి అవతల ఆకలి నిజంగానే కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ పిలవనే లేదు.

నాకు మూసుకోవడానికి కంటిరెప్పలు లేవు. అందుకని నేను నడిగుంజ వైపు చూశాను. వేలెడు చీలిక కాస్తా జానెడైంది.

మౌనం కాగానే ధవళరావుగారు ఓ కోరిక కోరారు. ఇంత ప్రేమగా చేశారు కదా, ఆ అధ్యాయం ఓసారి మీ నోటితోనే చదివి వినిపించండి, ఆ తర్వాతే తింటాను అన్నారు. ఆయనా చదవలేదని నాకు అనుమానం. అందరూ చప్పట్లు కొట్టారు. జంబుకేశ్వరరావు మొదటిసారి కళ్ళజోడు కళ్ళకి పెట్టుకున్నాడు. పుస్తకం తీశాడు. ఏడో అధ్యాయం తెరుచుకోలేదు. కొత్త పుస్తకాల్లో కొన్ని కాగితాలు అంచు దగ్గర అతుక్కునే వస్తాయి, చదివేవాడు కోసుకోవాలి. ఆ పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటీ కోసి లేదు. మూడుసార్లు చదివినవాడు పంటితో చింపుకుంటున్నాడు.

ధవళరావుగారు మెడ ఓ పక్కకి వంచి చూశారు. నక్క గబగబా అందుకున్నాడు.

"'అల్లికవారికి ఒక నియమం ఉంది. పందిరి అల్లినవారు మొదటి ఆకు దగ్గర కూర్చుని తినాలి. అంతవరకూ కడముడి పడదు. కడముడి పడని పందిరి కింద...'"

అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతిది అతుక్కుని ఉంది. ఆయన ఇంకోసారి పంటితో చింపాడు.

"'...ఎవరూ కూర్చోరాదు. బరువు అసలే పెట్టరాదు.'"

చదువుతూనే ఆయన పైకి చూశాడు. అప్పుడు తలెత్తారు అందరూ. పంతొమ్మిది రోజుల పనిని మొట్టమొదటిసారి సరిగ్గా చూశారు. నల్ల చీలికలు ఒక్కొక్కటే తెల్ల చీలికల్లోంచి జారుతున్నాయి. అక్షరాలు ఊడిపోతున్నాయి. నడిగుంజ దగ్గర సర్రుమన్న చప్పుడు, అంతే. తెరిచిన పుస్తకం తెరిచినట్టే కిందికి వచ్చేసింది, నాలుగు గంపల ముగ్గిన జీడిపళ్ళతో సహా.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నెమలి పింఛం మీద రసం ధారలు కట్టింది. ఘూకయ్య మాస్టారి కొత్త కండువా గోధుమరంగుకి తిరిగింది. ధవళరావుగారిని మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మీద మచ్చ పడటం అదే మొదలు. మొదటి ఆకు సరిగ్గా పందిరి నడిమికి కిందే ఉంది మరి. నేను కప్పుకి అంటుకునే ఉన్నాను కాబట్టి నాకేమీ కాలేదు. అయినా నవ్వు రాలేదు.

జంబుకేశ్వరరావు పళ్ళ గుట్టలోంచి తల బయటపెట్టి అరిచాడు. పైడయ్యని పట్టుకురమ్మన్నాడు. దొంగపని చేశాడు, వంకర అల్లిక అల్లాడు, కావాలనే నా విందు పాడుచేశాడు అన్నాడు. వాడి అంతు చూస్తానన్నాడు.

ధవళరావుగారు కంట్లో పడ్డ రసం తుడుచుకున్నారు.

"పైడయ్య ఎవరు? అంతా నీ చేత్తోనే అల్లానన్నావు కదయ్యా."

పందిరి తనది కాదంటే జంబుకేశ్వరరావు అబద్ధాలకోరు. తనదేనంటే ముఖ్య అతిథి మీద జీడిపళ్ళు పోయించినవాడు. ఏదన్నా తప్పించుకునే దారి లేదు. ఇరవై నాలుగు గుర్తు ఆకుల్లో తన బొమ్మ ఉన్నది కాళ్ళ దగ్గరే పడి ఉంది, దానివైపు చూస్తూ నిలబడ్డాడు. ధవళరావుగారు చెరువు దారి పట్టారు. సంఘం పేరు పది తోటలకీ పాకింది, అనుకున్నట్టే.

మిగిలినవాళ్ళకి ఆకలి వేసింది. ఖాళీ ఆకుల ముందు కూర్చుని తెలుసుకున్న ఆకలి కాదు, అసలుది. వంటలన్నీ వెనక ఉన్నాయని గుర్తొచ్చి ఒక్కొక్కరే అటు కదిలారు. నేనూ వెనక గోడ మీదికి పాకాను.

వేపచెట్టు కింద అప్పటికే పంక్తి ఉంది. వంట చేసింది సన్యాసి పెళ్ళాం, ఆవు, పేరు సింహాలు. ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా అప్పాయమ్మకి మొదటాకు వేసింది. పక్కన సన్యాసి, ఆ పక్కన పైడయ్య. పచ్చి జీడిపప్పు కూర, పప్పుచారు, బూరెలు. అప్పాయమ్మ ముందున్నది సన్యాసి తెచ్చిన ఆకే, అందరి ఆకులకంటే పెద్దది, దాని మూల ఓ బూరె విడిగా పెట్టి ఉంది. గూటికి పట్టుకెళ్ళడానికి. పంక్తి చివర చోటుందని సింహాలు వచ్చినవాళ్ళకి చెప్పింది. నెమలి పింఛం ముడుచుకుని కూర్చుంది. తలొంచుకుని అందరూ కూర్చున్నారు.

జంబుకేశ్వరరావు కూర్చోలేదు. తోకంతా మరకలతో అప్పాయమ్మ ముందుకి వచ్చి, మాట మార్చాడు. పొరపాటైపోయిందమ్మా, లోపలికి రండి, ఇప్పుడే శుభ్రం చేయించి మీకు మొదటాకు వేయిస్తాను, పైడయ్య ఓ ముడి వేసేస్తే పందిరి మళ్ళీ లేపుదాం అన్నాడు. ముసలమ్మ మెతుకులు నిదానంగా నమిలింది.

"మీ తాతగారి పెళ్ళికి పందిరి ఏసింది నానే బాబూ. సోటు లేదు, ఎనక్కెల్లు అన్నది ఆయనే. ఆనాడు బయపడి ముడేసి, తినకండా ఎల్లిపోయినాను. ఈయేళ తిన్నాను, ముడెయ్యలేదు. నాకింక మీ లోపల పనేటీ నేదు."

అదీ ఆ పెద్దిల్లు, జంబుకేశ్వరరావు వాళ్ళది. పుస్తకంలో లేని పేరు. పంక్తిలో అందరూ తినడం ఆపేశారు. జంబుకేశ్వరరావు ఘూకయ్య మాస్టారి వైపు చూశాడు, మాస్టారు ఆకు వైపు చూసుకున్నాడు. తప్పంతా నాది కాదమ్మా, పరిస్థితి అటువంటిది, నేను రాయగలిగినంత రాశాను అని ఏదో గొణిగాడు.

అప్పాయమ్మ ఆయన వైపు తిరిగింది. బాగున్న కన్ను ఆయన మీదే పెట్టింది.

"బాగా రాసినారంటన్నారు మాస్టారూ అందరూ. నాకు సదువు రాదు, తెల్దు. గుమ్మం కాడ మీరు నన్ను సూసి కళ్ళు మూసుకున్నారు. అది కూడా రాయండి. ఈపాలి పేర్లెట్టి రాయండి."

అప్పుడు పలికాను. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు, నా గొంతుకి ఉన్న బలమంతా పెట్టి. సింహాలు తలెత్తి గోడ వైపు చూసింది. ముందుకాలు గిట్టతో నేల మీద మెల్లగా తట్టింది.

మాస్టారు రెండో పుస్తకం ఇంకా రాయలేదు. ఆయన రాసేదాకా నేనే చెబుతూ ఉంటాను. జంబుకేశ్వరరావు వాగులో తోక ఉతుక్కుంటూ కనపడితే, ఎందుకని అడగండి. మూడు వేసవులుగా ఉతుకుతున్నాడు, మరక పోలేదు.

పుస్తకంలోని ఆకలికి ఏడ్చి, గుమ్మంలో నిలబడ్డ ఆకలిని వెనక్కి పంపేవాడు ఎన్ని పుస్తకాలు చదివినా ఒక్క అక్షరం చదవనట్టే.